భీం అడిగింది చదువేనా?

 పోస్టు పెద్దగున్నది. టైం ఉన్నప్పుడు నిమ్మళంగా మొత్తం చదవుర్రి. సగం చదివి కామెంట్ పెట్టకుర్రి.

మేము నలుగురం కరీంనగర్‌ల డిగ్రీ చదువుకుంటూ ఒక్క హాస్టల్ రూంల ఉంటున్నం. ఒకరిది జైనూర్ దిక్కు, ఒకరిది తిర్యాణి దిక్కు, ఒకరిది ఖానాపూర్, ఇంకొకరిది నార్నూర్. ఒకరు గోండు, ఒకరు కోలాం, ఒకరు నాయక్‌పోడ్, ఒకరు లంబాడా. మా నలుగురి ఇండ్లల్ల కాలేజీ గేటు లోపలికి పోయిన మొదటి మనుషులం మేమే. ఈ పోస్టు నలుగురం కూర్చొని మాట్లాడుకొని రాస్తున్నం, అందుకే అంతటా 'మేము' అని ఉంటది.

సంగతి ఏందంటే, ఈ ఏడాది మేము ఒక రకం సీరియళ్లు వరుసపెట్టి చూసినం. ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్‌ల ఇచ్చిండు. కొన్ని సబ్‌టైటిల్స్ చదువుకుంటూ, అర్థం కాని కాడ ఆపుకుంటూ చూసినం. చరిత్ర జరిగినట్టు కాకుండా ఇంకో తీరు జరిగి ఉంటే ఏమయ్యేది అని అల్లిన కథలు అవి. మేము వాటికి 'ఒకవేళ కథలు' అని పేరు పెట్టుకున్నం. చూసుకుంట చూసుకుంట, మన కుమ్రం భీం మీద తీసిన సినిమా కూడా ఒక ఒకవేళ కథే కదా అని తట్టింది. అప్పటి నుంచి రూంల ఇదే చర్చ. అది మీ ముందు పెడుతున్నం.

ముందుగాల ఆ సీరియళ్ల గురించి కొంచెం చెప్పాలె.

'ది మ్యాన్ ఇన్ ది హై క్యాజిల్' అని ఒకటి ఉన్నది. ఫిలిప్ కె. డిక్ 1962ల రాసిన నవల ఆధారంగా తీసిండ్రు, 2015 నుంచి 2019 దాకా అమెజాన్‌ల వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంల జర్మనీ, జపాన్ గెలిచినయి, అమెరికాను చెరి సగం పంచుకున్నయి అనేది కథ. అందుల మమ్మల్ని భయపెట్టింది హిట్లర్ కాదు, ఒక మామూలు అమెరికన్. ఆయన ఒకప్పుడు అమెరికా సైన్యంలనే పనిచేసినోడు. దేశం ఓడిపోయినంక నాజీ అధికారి అయితడు. మంచి ఇల్లు, పెండ్లాం, పిల్లలు, పొద్దుగాల అందరు కూర్చొని నాష్టా. ఎవరు రాజ్యమేలినా వాళ్ల కింద సర్దుకొని బతికే మనుషులు ప్రతి దేశంల, ప్రతి ఊళ్ల ఉంటరని ఆ సీరియల్ చెప్తది.

ఇంకోటి 'నాట్స్ అండ్ క్రాసెస్'. మ్యాలరీ బ్లాక్‌మన్ నవల, 2020ల బీబీసీల వచ్చింది. వందల ఏండ్ల కింద ఆఫ్రికా వాళ్లే యూరప్‌ను ఆక్రమించుకున్నరు. నల్లోళ్లు పాలకులు, తెల్లోళ్లు పనోళ్లు. అందుల ఒక చిన్న ముచ్చట ఉన్నది. తెల్ల పిల్లగానికి దెబ్బ తగిలితే అతికించే పట్టీ ముదురు గోధుమ రంగుల ఉంటది. ఆ లోకంల ఆ ఒక్క రంగు పట్టీయే దొరుకుతది, ఎందుకంటే అది పాలించేటోళ్ల చర్మం రంగు. అది చూసి మేము ఒక్కసారే మా ఒకటో తరగతి పుస్తకం గుర్తు చేసుకున్నం. అ అంటే అమ్మ అని నేర్పిండ్రు. మాల ముగ్గురి ఇండ్లల్ల అమ్మను ఆ మాటతోని పిలవరు. గోండిల ఇంకో మాట, కోలామిల ఇంకో మాట, లంబాడీల యాడి. మొదటి రోజు మొదటి అక్షరం కాడనే మనం వెనక పడ్డం. మందబుద్ధి పిల్లలు అని సార్లు అనుకున్నరు. పట్టీ మన రంగుది కాదు, అంతే సంగతి.

మూడోది 'వాచ్‌మెన్', 2019ల హెచ్‌బీఓల వచ్చింది. అది మొత్తం కల్పన లోకమే, ముసుగులు వేసుకునే పోలీసులు ఉంటరు. కానీ మొదలయ్యేది మాత్రం నిజంగా జరిగిన ఘటనతోని. 1921ల అమెరికాల టల్సా అనే పట్నంల, బాగుపడ్డ నల్లజాతి వాళ్ల గ్రీన్‌వుడ్ బస్తీని తెల్లోళ్ల గుంపు తగలబెట్టింది. ఈ సీరియల్ వచ్చినంకనే అమెరికాల చాలామందికి ఆ ఘటన గురించి మొదటిసారి తెలిసింది. వంద ఏండ్ల దాకా బడి పుస్తకం చెప్పని నిజాన్ని ఒక కల్పిత కథ చెప్పింది.

ఈ మూడింటిల మాకు అర్థమైంది ఏందంటే, ఒకవేళ కథ జరగని దాన్ని చూపిస్తున్నట్టు ఉంటది కానీ ఇప్పుడు జరుగుతున్న దాని మీదనే వేలు పెడుతది. మంచి ఒకవేళ కథ చూసేటోనికి ఇబ్బంది కలిగిస్తది. నువ్వు ఏ దిక్కు ఉన్నవ్ అని అడుగుతది. ఇబ్బంది కలిగించకుండా అందరితోని చప్పట్లు కొట్టించిందంటే, ఏదో ఒక నిజాన్ని పక్కకు పెట్టిందన్నట్టే.

ఇప్పుడు మన సినిమాకు వద్దాం.

ఆర్ఆర్ఆర్ 2022 మార్చి 25న వచ్చింది. కుమ్రం భీం, అల్లూరి సీతారామరాజు ఇద్దరు యువకులుగా ఉన్నప్పుడు ఇల్లు విడిచి కొన్నేండ్లు ఎక్కడికో పోయిండ్రు, ఆ కాలంల ఇద్దరు కలిసి ఉంటే ఎట్లుండేది అని అల్లిన కథ. ఇది కల్పన అని డైరెక్టర్ రాజమౌళి 2019ల ప్రెస్‌మీట్ పెట్టి ముందే చెప్పిండు. నిజంగా వాళ్లిద్దరు కలిసినట్టు ఎక్కడా లేదు. అల్లూరి 1924 మే 7న కొయ్యూరు కాడ అమరుడైండు. భీం 1940ల జోడేఘాట్ గుట్టల మీద అమరుడైండు. మధ్యల పదహారేండ్లు.

ఒక మాట ముందే చెప్తున్నం. మేము ఆ సినిమాను తిట్టడానికి రాస్తలేం. మేము కూడా ఈలలు వేసినం. భీంను స్తంభానికి కట్టి కొట్టే కాడ వచ్చే 'కొమురం భీముడో' పాటకు మా రూంల ఏడ్వనోళ్లు లేరు. సుద్దాల అశోక్‌తేజ గారు రాసిన ఆ పాట పాడిన కాలభైరవకు జాతీయ అవార్డు వచ్చింది. 'నాటు నాటు' 2023ల ఆస్కార్ దాకా పోయింది. ప్రపంచంల ఎక్కడెక్కడి వాళ్లో మన భీం పేరు పలికిండ్రు. ఇదివరకు అల్లాణి శ్రీధర్ గారు తీసిన 'కొమరం భీం' సినిమా 1990ల తయారైతే, థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. ఇరవై ఏండ్లు డబ్బాల ఉన్నది. ఆ లెక్కన మన పేరు పెద్ద తెర మీద అంత పెద్దగ కనపడడం చిన్న ముచ్చట కాదు. గర్వపడ్డం. ఇప్పటికీ పడతం.

కానీ సీరియళ్లు చూసినంక మళ్లా ఆ సినిమా పెట్టుకొని చూసినం. ఈసారి మూడు కాడ ఆగినం.

మొదటిది, సినిమాల శత్రువు ఎవరు అనేది. తెల్లదొర, దొరసాని. దొరసాని గూడేనికి వచ్చి, పాట పాడిన మల్లిని నచ్చి, రెండు నాణేలు విసిరి తీసుకపోతది. పాటకు ఇచ్చిన ఇనాం అనుకుంటది తల్లి. పిల్లకు ఇచ్చిన వెల అని తర్వాత తెలుస్తది. ఆ సీను మాకు చానా నచ్చింది. కాగితం మీద ఏమున్నదో, పైసలు దేనికి ఇచ్చిండ్రో తెలవక మన ముత్తాతలు పోగొట్టుకున్న భూములన్నీ ఆ ఒక్క సీన్ల ఉన్నయి.

కానీ నిజమైన ఆదిలాబాద్‌ల ఆ నాణేలు విసిరింది తెల్లోళ్లు కాదు. మనది నిజాం రాజ్యం. గూడెం ముందర నిలబడ్డది జంగ్లాతోడు, పట్వారీ, పట్టా రాయించుకున్న షావుకారు. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే పన్ను. అడవిని రిజర్వు అని గీత గీసి, ఆ గీత లోపల ఉన్న పొలాన్ని నీది కాదన్నరు. భీం తిరగబడ్డది వీళ్ల మీద. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ లాంటి పన్నెండు గూడేలల్ల మా రాజ్యం మాకు కావాలె అన్నడు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము' నవల చదివినోళ్లకు ఇది తెలుసు. ఆ ఇద్దరు రచయితలు మేము ఇప్పుడు చదువుకుంటున్న ఈ పాత కరీంనగర్ జిల్లా వాళ్లే.

మరి సినిమాల జంగ్లాతోడు ఎందుకు లేడు? మాకు తోచింది చెప్తం. తెల్లదొరను విలన్ చేస్తే హాలుల కూర్చున్న ఒక్కరికి కూడా ఇబ్బంది ఉండదు. ఆయన ఎప్పుడో ఓడ ఎక్కి పోయిండు. జంగ్లాతోన్ని, పట్వారీని, షావుకారిని విలన్ చేస్తే ఆ కుర్చీలు ఇప్పటికీ ఉన్నయి. పేర్లు మారినయి, డ్రెస్సులు మారినయి. సినిమా వచ్చిన అదే 2022ల, జూలై నెలల, మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడల పోడు భూమిల వేసుకున్న గుడిసెలు కూలగొట్టిండ్రు. ఆడోళ్లను గుంజుకపోయిన వీడియోలు మన అందరి ఫోన్లల్ల తిరిగినయి. మార్చి నెలల భీంకు ఈలలు వేసిన రాష్ట్రం, నాలుగు నెలలకు ఆ వీడియోను పైకి జరిపి ఇంకో వీడియో చూసింది.

ఇంకో ముచ్చట. 2020 అక్టోబర్‌ల టీజర్ వచ్చినప్పుడు భీం తలమీద టోపీ పెట్టిండ్రని రాష్ట్రమంతా పెద్ద లొల్లి అయింది. టోపీ గురించి లీడర్లు మాట్లాడిండ్రు, టీవీలల్ల డిబేట్లు పెట్టిండ్రు. సినిమాల భూమి ఎటు పోయింది అని ఒక్క డిబేట్ పెట్టినట్టు మేము చూడలే.

రెండోది పులి. సినిమాల భీం పులితోని కొట్లాడుతడు, దాన్ని పట్టుకొని, నా అవసరానికి నిన్ను వాడుకుంటున్న, మన్నించు అని చేతులు జోడిస్తడు. ఆ మన్నించు అనే మాట మనదే. చెట్టు కొట్టే ముందు మొక్కేటోళ్లం మనం. అది ఎవరు రాసినా బాగా రాసిండ్రు. కానీ మొత్తం మీద సినిమాల మన భీం అంటే కండలు, అమాయకత్వం, అడవి జంతువులు. ఆలోచన, ప్లాను, దేశం అనే పెద్ద మాట రామరాజువి. సినిమాల ఒకరు నిప్పు, ఒకరు నీళ్లు అన్నరు గానీ, మాకు ఒకరు తలకాయ, ఒకరు చేతులు లెక్క కనిపించిండ్రు.

బయట కూడా మనల్ని అట్లనే చూస్తరు కదా. మంత్రి వస్తుండంటే గుస్సాడీ వేసేటోళ్లను పిలుస్తరు. నెమలి ఈకల టోపీతోని ఫొటో దిగుతరు. మర్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంబురపడ్డం. ఆ తాత గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకపోయిండు. కానీ ఆట అయిపోయినంక ఆడిన మనిషి కాగితం పట్టుకొని ఆఫీసు మెట్లు ఎక్కితే ఎంతసేపు నిలబెడ్తరో మనకు ఎరుకే. పులి ముచ్చట కూడా అంతే. తెర మీద పులితోని కొట్లాడితే అందరు చూస్తరు. 2020 నవంబర్‌ల ఆసిఫాబాద్ జిల్లాల ఒకే నెలల పులి దాడిల ఇద్దరు చిన్న వయసోళ్లు చనిపోయిండ్రు. అప్పుడు పత్తి ఏరడానికి పోవాలంటే మన ఆడోళ్లు గుంపుగ పోవుడు, డప్పు కొట్టుకుంట పోవుడు ఎవరి సినిమాల ఉన్నది?

మూడోది అసలుది, మా రూంల నాలుగు రాత్రులు కొట్లాట పెట్టింది. సినిమా ఆఖరున రామరాజు భీంను ఏం కావాలె అని అడుగుతడు. భీం చదువు కావాలె అంటడు.

మాల ఇద్దరికి ఆ మాట మస్తు నచ్చింది. మనం చదువు కోసమే కదా ఇంటి నుంచి ఇంత దూరం వచ్చినం, మన పెద్దోడు అదే అడిగిండు, తప్పేమున్నది అన్నరు. మిగిలిన ఇద్దరం ఒప్పుకోలే. ఎందుకంటే నిజం భీం అడిగింది నీళ్లు, అడవి, భూమి. ఇంకోటి, పెద్దలు చెప్పే కథల భీం చదువు రాని మనిషి కాదు. ఇల్లు విడిచిపోయినంక ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర, తర్వాత అస్సాం చాయ్ తోటలల్ల పనిచేసేటప్పుడు చదవడం, రాయడం, కొత్త భాషలు నేర్చుకున్నడంటరు. వేరే కాడ రైతులు, కూలీలు ఎట్ల తిరగబడుతున్నరో తెలుసుకొని వచ్చిండు. అంటే భీం చదువు ఇంకొకరిని అడుక్కోలే. తానే పోయి తెచ్చుకొని, దాంతోని భూమి అడిగిండు.

ఇంకో నిజం కూడా ఉన్నది. బడి మనకు ఎట్ల వచ్చింది? భీం చనిపోయినంక నిజాం సర్కారుకు భయమైంది. గోండులు ఎందుకు తిరగబడ్డరో చూసి చెప్పు అని హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మర్లవాయిల ఉండి మన భాష నేర్చుకున్నరు. 1940ల మొదట్ల మర్లవాయిల గోండు పిల్లలకు బడి, గోండు సార్లకు ట్రైనింగ్ మొదలైంది. గోండి భాషల వాచకాలు వచ్చినయి. భూముల పట్టాలు కూడా కొంత ఇచ్చిండ్రు. అంటే సినిమాల చదువు ఒక దోస్తు ఇచ్చిన కానుక. చరిత్రల చదువు తిరుగుబాటుకు దొరికిన జవాబు. ఈ రెండింటికి చానా ఫరకు ఉన్నది. కానుక అయితే ఇచ్చినోనికి దండం పెట్టాలె. మన హక్కు అయితే ఇంకా రావాల్సింది ఎంత అని అడగాలె.

ఈ ముచ్చట మాకు ఎందుకు అంత తగిలిందంటే, మొన్న దసరా సెలవులల్ల మాల ఒకరి ఇంటికి నలుగురం పోయినం. తాత పెట్టెల నుంచి ప్లాస్టిక్ కవర్ల చుట్టిన కాగితం తీసిండు. పోడు పట్టా. 2023 జూన్ ఆఖరున ముఖ్యమంత్రి ఆసిఫాబాద్‌ల మొదలుపెట్టి రాష్ట్రమంతా 4 లక్షల ఎకరాలకు పైగా ఇచ్చిన పట్టాలల్ల అదొకటి.

"పట్నంల చదువుతున్నరు గద బిడ్డా, ఇండ్ల ఏం రాసున్నదో జర చదివి చెప్పుర్రి" అన్నడు తాత.

చదివినం. తాత పేరు, అవ్వ పేరు, ఎకరాలు, గుంటలు. వారసులకు వస్తది, అమ్మనీకి రాదు, ఇంకొకరికి రాసియ్యనీకి రాదు.

"అమ్మాలని ఎవడన్నడు? మళ్లొచ్చి చెట్లు పెడ్తమంటే ఈ కాగితం ఆపుతదా?"

మేము నలుగురం డిగ్రీ చదువుతున్నం. ఒకరం కూడా ఆపుతది తాతా అని గట్టిగ చెప్పలేకపోయినం. 2006 అటవీ హక్కుల చట్టం గురించి మాకు తెలిసినంత చెప్పినం. గ్రామసభ గురించి చెప్పినం. తాత అంతా విని, కాగితం మళ్లా కవర్ల చుట్టి పెట్టెల పెట్టిండు. మా నలుగురి ఇండ్లల్ల రెండు ఇండ్లకే ఆ కాగితం వచ్చింది. మిగతా రెండు ఇండ్లు ఇంకా దరఖాస్తు కాడనే ఉన్నయి.

ఆ రోజు నుంచి చదువా, భూమా అనే కొట్లాట మాల ఆగిపోయింది. చదువు లేకపోతే తాత కాగితం చదివేటోడు లేడు. భూమి లేకపోతే చదవడానికి కాగితమే లేదు. సినిమా ఈ రెండింటిని విడగొట్టి, మనకు లేనిది చదువు ఒక్కటే అన్నట్టు చూపించింది. మన దగ్గర నుంచి ఏమి తీసుకపోయిండ్రు అనే లెక్క పక్కకు పోయింది. చదువుకున్నంక కూడా ఏమైందో చూసినం. షెడ్యూల్డ్ ఏరియా బడులల్ల టీచర్ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే అని 2000ల వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌ల కొట్టేసింది. బీఈడీ చేసి కూసున్న మన అన్నలకు, అక్కలకు ఆ రోజు ఎట్లుండెనో ఈ గ్రూపుల చాలామందికి ఎరుక. భీం అడిగిండని చెప్పిన చదువు చదివినోళ్లకు కూడా దారి ఇరుకైంది.

ఇగ ఇంద్రవెల్లి ముచ్చట. 1981 ఏప్రిల్ 20. గిరిజన రైతుకూలీ సంఘం సభ. సభకు పర్మిషన్ లేదన్న సంగతి చాలా గూడేలకు తెలిసేటప్పటికే జనం నడక మొదలుపెట్టిండ్రని పెద్దలు చెప్తరు. కాల్పులల్ల 13 మంది చనిపోయిండ్రని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని మన ఊళ్ల లెక్క. ఆ స్తూపం కాడికి పోయి దండం పెట్టుకోనీకి కూడా ఏండ్ల తరబడి ఆంక్షలుండె. టల్సాకు వాచ్‌మెన్ లాంటి సీరియల్ వచ్చింది. ఇంద్రవెల్లికి ఎవరు తీస్తరు? నిర్మల్‌ల రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నోళ్లను ఉరి తీసిన వెయ్యి ఉరుల మర్రి గురించి ఎవరు తీస్తరు? ఇంద్రవెల్లిల విలన్ ఓడ ఎక్కి పోయినోడు కాదు కాబట్టి పైసలు పెట్టేటోళ్లు దొరకరు అని మాకు అనిపిస్తది.

ఇప్పటిదాకా చెప్పిందానికి మీరంతా అవును అంటరని తెలుసు. ఇంక చెప్పబోయేదానికి కొందరికి కోపం రావచ్చు. అయినా చెప్పాలె, ఎందుకంటే ఇబ్బంది పెట్టని ఒకవేళ కథ మంచిది కాదని పైన మేమే అన్నం.

మన గ్రూపులల్ల కూడా ఒకవేళ కథలు నడుస్తున్నయి. స్టేటస్‌లల్ల రోజూ చూస్తున్నం. '1976ల లంబాడాలను ఎస్టీల కలపకుంటే ఈపాటికి మన ఆదివాసీ పిల్లలందరు ఆఫీసర్లు అయ్యేటోళ్లు' అని ఒకటి. 'మేము లేకుంటే ఎస్టీల గొంతు అసెంబ్లీల వినపడకపోయేది' అని దానికి జవాబు. 2017 డిసెంబర్‌ల ఉట్నూర్ దిక్కు ఏమైందో మనకు గుర్తున్నది. అప్పుడు మేము చిన్న పిల్లలం, ఆశ్రమ పాఠశాలలల్ల ఉన్నం. రాత్రికి రాత్రి ఒకే కంచంల తిన్న పిల్లలు వేరే వేరే వరుసలల్ల కూసున్నరు.

మా రూంల ఈ ముచ్చట మాట్లాడుకోవడం అల్కగ కాలే. రిజర్వేషన్ల లెక్కలల్ల గోండులకు, కోలాంలకు, నాయక్‌పోడ్‌లకు నిజమైన బాధ ఉన్నది. చదువుల ముందుపడ్డోళ్లకు సీట్లు ఎక్కువ పోతయి, కోలాం లాంటి చిన్న తెగల పిల్లలు కట్‌ఆఫ్ కాడ ఆగిపోతరు. ఇది లంబాడా దోస్తు కూడా ఒప్పుకున్నడు. అట్లనే తండా నుంచి పూనా, ముంబై పనులకు పోయిన తల్లిదండ్రుల పిల్లల బాధ ఏందో ఆయన చెప్తే మిగతా ముగ్గురం విన్నం. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని తేల్చే కోర్టు మా రూంల లేదు. అది చట్టం కాడ, కోర్టుల కాడ తేలాలె.

కానీ ఒకటి మాత్రం కనిపించింది. ఆ సినిమా శత్రువును చానా దూరంల, సముద్రం అవతల పెట్టింది. మనం మాత్రం శత్రువును చానా దగ్గరల, పక్క మంచం మీద పెట్టుకున్నం. రెండు కాడ నడుమ ఉన్నోడు తప్పించుకుండు. భూమి పట్టా రాయించుకున్నోడు, 1959 నాటి భూ బదలాయింపు చట్టం, 1970 సవరణ ఉన్నా కూడా ఏజెన్సీల భవంతులు కట్టినోడు, బడికి సార్లను ఇయ్యనోడు, వీళ్లెవరూ మన ఒకవేళ కథలల్ల లేరు.

ఒకవేళ ఎట్లుండేదో చూడాలంటే టీవీ కూడా అక్కరలేదు, పెన్‌గంగ దాటితే చాలు. అవతలి ఒడ్డున మహారాష్ట్రల బంజారాలు ఎస్టీలు కారు. ఇవతల ఎస్టీలు. ఒకే భాష, ఒకే పండుగ, బంధుత్వాలు కూడా ఉన్నయి, నడుమ ఒక గీత. గోండులది కూడా అంతే. అవతల చుట్టాల పిల్లలు మరాఠీల చదువుతరు, ఇవతల మనం తెలుగుల చదువుతం, ఇంకా పైకి పోతే హిందీల. పెండ్లిల కలిసినప్పుడు గోండిల మాట్లాడుకుంటం. కానీ ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవలేరు. ఎవరో గీసిన గీతకు ఇటు పుడితే ఒక చరిత్ర, అటు పుడితే ఇంకో చరిత్ర. గీత గీసేటప్పుడు మనల్ని ఎవరూ అడగలే. మరి గీత గీసినోళ్లను వదిలిపెట్టి, గీతకు ఇటు అటు ఉన్నోళ్లం ఒకరినొకరు తిట్టుకుంటే ఎవరికి లాభం?

కాబట్టి గ్రూపుల ఉన్నోళ్లందరికి మా నలుగురి విన్నపం ఇది.

సినిమా అయినా, సీరియల్ అయినా, స్టేటస్ అయినా, ఒకవేళ కథ కనపడితే మూడు ప్రశ్నలు వేసి చూడుర్రి. ఇందుల శత్రువు ఎవరు, ఆయన ఇప్పుడు బతికే ఉన్నడా? ఇందుల మనం ఏం అడుగుతున్నం, నిజంగా మన పెద్దలు అడిగింది అదేనా? ఇది చూసి ఎవరికి ఇబ్బంది అయితది? ఎవరికీ కాకపోతే సంతోషంగ చూడుర్రి, పాటకు ఎగురుర్రి, కానీ దాన్ని చరిత్ర అని మీ చెల్లెకు, తమ్మునికి చెప్పకుర్రి.

రెండోది, ఈ సంక్రాంతి సెలవులల్ల ఇంటికి పోయినప్పుడు ఫోన్ల రికార్డర్ ఆన్ చేసి పెద్దమనుషుల పక్కన కూసోర్రి. పర్ధాన్ తాతలు కిక్రి పట్టుకొని పాడే కథలు, తోటీలు చెప్పే కథలు, తండాల అవ్వలు చెప్పే వలస కథలు, ఇంద్రవెల్లి నాడు నడిచి పోయినోళ్లు చెప్పే ముచ్చట్లు. ఆ రోజు పాతికేండ్లున్నోళ్లకు ఇప్పుడు డెబ్బై ఏండ్ల దాకా ఉంటయి. కొందరు ఇప్పటికే పోయిండ్రు. ఏ భాషల చెప్తే ఆ భాషలనే రికార్డ్ చేయుర్రి, తెలుగుల రాయడం తర్వాత సంగతి. మా రూం తరఫున ఇప్పటికి ఐదుగురివి అయినయి. ఒక్కొక్కరిది గంటకు పైనే ఉన్నది. వాళ్లు ఒప్పుకున్నవి మాత్రమే గ్రూపుల పెడతం.

మూడోది, పట్టా వచ్చినోళ్లు, రానోళ్లు ఇద్దరి వివరాలు మీ గ్రామసభ రిజిస్టర్ల ఉన్నయో లేవో ఒకసారి చూడుర్రి. చదువుకున్న మనం చేయగల పని ఇది. మాకు అర్థం కాని చట్టం ముక్కలు లా చదివే అన్నలు, అక్కలు ఈ పోస్టు కింద వివరంగ రాస్తే తాతకు పోయి చెప్తం. ఆయన ఇంకా జవాబు కోసం చూస్తున్నడు.

జై కుమ్రం భీం. జల్, జంగల్, జమీన్.